అన్నం పెట్టే పేరు వెనక పద్దెనిమిది పుస్తకాలు

తిరుమలలో మధ్యాహ్నం పూట అన్నప్రసాదం హాలు ముందు క్యూలో నిలబడితే చెవిన పడే మాటలకు లెక్క ఉండదు. ఒకసారి నా ముందున్న ఏడెనిమిదేళ్ల పిల్లాడు బోర్డు మీది పేరును కూడబలుక్కుని చదివాడు. చదివి, వెనక్కి తిరిగి వాళ్ల అవ్వను అడిగాడు.

"అవ్వా, ఈ వెంగమాంబ ఎవురు?"

"మనకు అన్నం పెట్టే తల్లి రా," అనింది ఆమె.

పిల్లాడికి అది చాలు. క్యూ కదిలింది. లోపల అరిటాకు, చక్కెర పొంగలి, సాంబారన్నం, రసం, మజ్జిగ. ఆకలి మీద ఉన్నవాడికి అంతకన్నా పెద్ద పరిచయం అక్కర్లేదు కూడా.

అవ్వ చెప్పింది తప్పు కాదు. సగమే. తరిగొండ వెంగమాంబ అన్నం పెట్టించింది నిజమే. కానీ ఆమె కవి. పద్దెనిమిది పుస్తకాలు రాసిన కవి. అందులోనూ పండితుల బల్ల మీద కూర్చోబెట్టే పుస్తకాలకన్నా, ఊరి నడిమధ్యన రాత్రి ఆడేవి, ఇంట్లో పని చేసుకుంటూ పాడుకునేవి ఎక్కువగా రాసిన కవి. ఆ సగం సంగతి కాస్త నిదానంగా చెప్పుకుందాం.

వెంగమాంబ పుట్టింది 1730 ప్రాంతంలో, గుర్రంకొండ దగ్గరి తరిగొండలో. మదనపల్లె, వాల్మీకిపురం వైపు తిరిగినవాళ్లకు ఆ ఊరు తెలుసు. చాలాకాలం చిత్తూరు జిల్లాలో ఉన్న ఊరు. అక్కడి దేవుడు లక్ష్మీనరసింహస్వామి. ఊరి పేరుకు స్థానికులు చెప్పే కథ బాగుంటుంది. తరి అంటే మజ్జిగ చిలకడం. చిలికే కుండలో సాలగ్రామం దొరికిందట, తరికుండ కాస్తా తరిగొండ అయిందట. దేవుడు పాలకడలిలోంచి కాకుండా ఒక ఇంటామె మజ్జిగ కుండలోంచి బయటపడటం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ. నందవరీక బ్రాహ్మణ కుటుంబం. ఇవన్నీ మనకెలా తెలుసు అన్న ప్రశ్న పాఠకులకు రావాలి. పాత తెలుగు కవులకు ఒక మంచి అలవాటు ఉండేది. కావ్యం మొదలుపెట్టే ముందు తమ తల్లిదండ్రులు, వంశం, గురువు, ఇష్టదైవం, ఏ పరిస్థితిలో రాస్తున్నారు అన్నది చెప్పుకునేవాళ్లు. దాన్ని అవతారిక అంటారు. వెంగమాంబ కూడా అలాగే చెప్పుకుంది. ఆమె జీవితంలో మనం గట్టిగా పట్టుకోగలిగింది ఆ కొద్ది పద్యాలను. మిగతాది జనం నోట పెరిగిన కథ. ఈ రెండింటినీ కలిపేయకుండా చూసుకుంటే చాలు, కథ విలువ కథకు ఉంటుంది, చరిత్ర విలువ చరిత్రకు ఉంటుంది.

చిన్నప్పుడే పెళ్లయింది. భర్త పేరు ఇంజేటి వేంకటాచలపతి. ఆమె ఇంకా పిల్లగా ఉండగానే అతను చనిపోయాడు. పద్దెనిమిదో శతాబ్దపు బ్రాహ్మణ ఇంట్లో ఆ తర్వాత జరగాల్సింది అందరికీ తెలిసిందే. జుట్టు తీయించడం, బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం, ఒంటిపూట అన్నం, వెనక గది. వెంగమాంబ ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయనకు చావు లేదు, నాకు వైధవ్యం లేదు అన్నది. బొట్టు, జుట్టు, పూలు అలాగే ఉంచుకుంది.

ఈ మాటను భక్తిగా మాత్రమే చదివితే ఆమె తెలివి మనకు అందదు. ఆచారం వద్దు అని అంటే ఆ రోజుల్లో ఊరు బతకనివ్వదు. ఆచారం నాకు వర్తించదు అని, ఆచారం గౌరవించే భాషలోనే చెప్పింది. భర్త ఉన్న స్త్రీకి శిరోముండనం ఏ శాస్త్రంలో ఉంది? ఎదుటివాళ్ల దగ్గర జవాబు లేదు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అప్పటికి వెంగమాంబ పోయి అరవై నాలుగేళ్లు. సంఘం, సభ, పత్రిక, చట్టం ఏవీ తోడు లేని కాలంలో, రాయలసీమ పల్లెలో ఒక ఆడపిల్ల ఒంటరిగా నిలబడిందన్న మాట.

ఊరివాళ్లు ఊరుకోలేదు. పుష్పగిరి పీఠాధిపతి వచ్చినప్పుడు ఫిర్యాదు చేశారని, ఆయన ఎదుటికి ఆమెను తెచ్చి నమస్కారం పెట్టమన్నారని ఒక కథ. ఆమె, స్వామీ తమరు ఆ పీఠం దిగండి, నమస్కరిస్తాను అన్నదట. ఆయన దిగాడు. ఆమె నమస్కరిస్తే ఖాళీ పీఠం భగ్గుమని మండిపోయిందట. మంట సంగతి అలా ఉంచండి. ఈ కథను రెండు వందల ఏళ్లుగా ఎవరు చెప్పుకున్నారో ఆలోచించండి. బోడిగుండుతో వెనక గదుల్లో కూర్చున్న ఆడవాళ్లు దీన్ని ఎంత ఇష్టంగా చెప్పుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. జానపద కథ చేసే పని అదే. జరిగినదాన్ని చెప్పడం కన్నా, జరిగి ఉంటే బాగుండును అనుకున్నదాన్ని భద్రంగా దాచిపెడుతుంది.

మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి అనే గురువు దొరికాడు. ఆయన దగ్గర యోగం, వేదాంతం నేర్చుకుంది. తరిగొండ గుడిలోనే ఆంజనేయస్వామి విగ్రహం వెనక కూర్చుని ధ్యానం చేసేదంటారు. తరిగొండ నృసింహ శతకంతో మొదలుపెట్టి, నృసింహ విలాస కథ, శివ నాటకం, బాలకృష్ణ నాటకం, రాజయోగామృతసారం వంటివి ఊళ్లో ఉండగానే రాసింది. గుడిలోనూ గొడవలు రావడంతో ఊరు వదిలి తిరుమల చేరింది.

అప్పటి తిరుమలను ఇప్పటి తిరుమలగా ఊహించుకోకూడదు. ఘాట్ రోడ్డు లేదు, కాటేజీలు లేవు. అడవి దారిన నడిచి ఎక్కాలి. కింద సీమలో రాజ్యాలు చేతులు మారుతున్నాయి. గుర్రంకొండ కోట కడప నవాబుల నుంచి హైదరాలీ చేతికి, టిప్పు నుంచి నిజాముకు, 1800లో దత్తమండలాలతో పాటు కంపెనీకి పోయింది. కొండ మీది గుడి ఆదాయం ఆర్కాటు నవాబు లెక్కల్లోంచి ఈస్టిండియా కంపెనీ లెక్కల్లోకి వెళ్లింది. ఆమె బతికుండగానే ఇదంతా జరిగింది. ఆమె పుస్తకాల్లో మాత్రం నవాబు లేడు, కంపెనీ లేదు. కృష్ణుడు, నరసింహుడు, గొల్లభామలు, చెంచులు ఉన్నారు.

తిరుమలలో హథీరాంజీ మఠం మహంతు ఆమెకు మొదట చోటిచ్చాడని, పక్కింటి అర్చకుడొకాయన ఆమె ఇంట్లోకి ఎంగిలాకులు విసిరి వేధించాడని, విసిగి తుంబురుకోనకు వెళ్లి కొన్నేళ్లు తపస్సు చేసిందని చెబుతారు. తుంబురుకోన ఇప్పటికీ ఏడాదికొకసారి ముక్కోటి నాడు తప్ప జనం పెద్దగా వెళ్లలేని చోటు. పాపవినాశనం దాటి రాళ్లలో, వాగులో నడవాలి. ఆ ముక్కోటికి నడిచినవాళ్లకు, ఒక ఆడమనిషి అక్కడ ఒంటరిగా ఉందన్న మాట వింటేనే కాళ్లలో వణుకు పుడుతుంది.

ఇక పుస్తకాల దగ్గరికి వద్దాం. అసలు విషయం అక్కడుంది.

తిరుమలలో రాసినవి చూడండి: విష్ణు పారిజాతం, చెంచు నాటకం, రుక్మిణీ నాటకం, గోపీ నాటకం, జలక్రీడా విలాసం, ముక్తికాంతా విలాసం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, కృష్ణమంజరి, తత్త్వకీర్తనలు, అష్టాంగయోగసారం, శ్రీ వేంకటాచల మాహాత్మ్యం. ఇందులో చివర చెప్పింది పద్యకావ్యం. శ్రీనివాసుడు, పద్మావతి, ఆకాశరాజు, వకుళమాలిక, కుబేరుడి దగ్గర అప్పు, ఈ కథంతా తెలుగులో పద్యాల్లో ఉన్నదంటే జనం ముందుగా చెప్పే పుస్తకం ఇదే. మిగతా వాటిలో ఎక్కువ భాగం రెండు రకాలు. ఒకటి ద్విపద, రెండోది యక్షగానం.

ద్విపద అంటే రెండు పాదాల పద్యం. ఒక్కో పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. భయపడాల్సిన పని లేదు. మూడు పెద్ద అడుగులు, ఒక చిన్న అడుగు అనుకోండి. పాదం మొదటి అక్షరం, మూడో అడుగు మొదటి అక్షరం కలవాలి, అది యతి. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి, అది ప్రాస. ప్రాస వదిలేస్తే దాని పేరు మంజరీ ద్విపద. ఉదాహరణకు వెంగమాంబ పద్యం ఎత్తి రాయడం కన్నా, అచ్చు ఎంత తేలికో తెలియడానికి నేనే ఒకటి అల్లుతాను, కవిత్వం వెతక్కండి:

కొండల రాయుని కొలువుకు పోయి
దండిగ ముడుపిచ్చి దండము పెట్టి

కొండల, రాయుని, కొలువుకు - ఇవి పెద్ద అడుగులు. పోయి - చిన్న అడుగు. మొదటి "కొ"కు మూడో అడుగులో "కొ" సరిపోయింది. కింద "ద"కు "ద". కొండ, దండి అనే చోట ప్రాస. ఇప్పుడు దీన్ని పైకి చదవండి. రెండోసారి చదివేటప్పటికి తల ఊగుతుంది. మూడోసారికి నోటికి వచ్చేస్తుంది. రోకలి పోటుకు, ఊయల ఊపుకు, తిరగలి తిప్పుకు పట్టే లయ ఇది. వృత్త పద్యానికి గురువు కావాలి, నిఘంటువు కావాలి. ద్విపదకు చెవి చాలు.

పండితులు ద్విపదను చిన్నచూపు చూశారు. వాళ్లకన్నా ఎన్నో వందల ఏళ్ల ముందే పాల్కురికి సోమన అందరికీ అర్థమయ్యేది కావాలని దీన్నే పట్టుకున్నాడు. తెలుగు ఆడవాళ్లకు కూడా ఇది ముందు నుంచీ సొంతిల్లు. అన్నమయ్య భార్య తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది మంజరీ ద్విపదలోనే. మూడు వందల ఏళ్ల తర్వాత అదే కొండ నీడన వెంగమాంబ పన్నెండు స్కంధాల భాగవతాన్ని ద్విపద చేసింది. అప్పటికే పోతన భాగవతం ఇంటింటా ఉంది. పోతన ఉండగా మళ్లీ ఎందుకు రాసింది? నాకు తోచే జవాబు ఒకటే. పోతన పద్యాన్ని చదవడం వచ్చినవాడు చదువుతాడు, మిగతావాళ్లు వింటారు. ద్విపదను విన్నవాళ్లు కూడా పాడతారు. విని ఊరుకునే మనుషుల్ని పాడే మనుషులుగా చేయడం ఆమె పని.

యోగవాసిష్ఠం వంటి గట్టి వేదాంతాన్ని కూడా ద్విపదలోకి దించింది. సంస్కృత మూలంలో చూడాల అనే రాణి కథ ఉంది. రాజు తపస్సుకు అడవికి పోతాడు. రాణి రాజ్యం చూసుకుంటూనే జ్ఞానం సంపాదించి, వేషం మార్చి వెళ్లి భర్తకు గురువవుతుంది. వేదాంతం చదవకూడదన్న ఆడవాళ్లకు వేదాంతాన్ని పాట చేసి ఇవ్వడానికి ఇంతకన్నా తగిన గ్రంథం ఏముంటుంది!

యక్షగానం సంగతి చిత్తూరు వైపు మనుషులకు ఎక్కువ వివరించక్కర్లేదు. మన పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర ఎండాకాలం భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరిరోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు పడతాడు, సాయంత్రం అగ్నిగుండం. తెల్లవార్లూ నిద్రకాచి, ముందు వరుసలో చాప పరుచుకుని, ద్రౌపది ఏడిస్తే తామూ ఏడ్చే జనం ఇప్పటికీ ఉన్నారు. ఆ వీధి నాటకానికి దగ్గరి చుట్టమే యక్షగానం. కథను ద్విపద నడిపిస్తుంది, పాత్రలు దరువులు పాడతాయి, మధ్యలో మాట వచనంగా వస్తుంది. తెర అక్కర్లేదు, కాగడా చాలు. ఒకప్పుడు జక్కులవాళ్లు ఊరూరా తిరిగి ఆడిపాడిన ఆటలోంచి పెరిగిందని పరిశోధకులు చెప్పే ఈ ప్రక్రియను తంజావూరు రాజులు ఆస్థానానికి ఎక్కించారు. వెంగమాంబ దాన్ని మళ్లీ గుడి ముంగిటికి తెచ్చింది.

చెంచు నాటకాన్నే తీసుకోండి. అహోబిలం అడవిలో చెంచుపిల్లను నరసింహస్వామి వలచిన కథ. ప్రహ్లాదుడి కోసం కంబం చీల్చుకొచ్చిన ఉగ్రమూర్తి, అడవి పిల్ల ముందు బతిమాలుకునే మగవాడైపోతాడు. ఇంటి దగ్గర లక్ష్మీదేవి ఊరుకుంటుందా? సవతి పోరు, అలక, ఎత్తిపొడుపు. ఈ కథ ఎక్కడ ఆడినా జనం నవ్వేది, కదిలేది అక్కడే. తరిగొండ నరసింహుడి గుడిలో పెరిగిన మనిషికి ఇది ఇంటి కథ. గోపీ నాటకానికి గొల్లకలాపం అని కూడా పేరు. గొల్లభామ, చెంచిత, ఇలాంటివాళ్ల నోటితో పెద్ద మాటలు చెప్పించడం మన జానపద రంగస్థలానికి మొదటి నుంచీ అలవాటు. శాస్త్రం తెలిసినవాడిని నోరు లేనిదనుకున్న మనిషి నిలదీస్తుంటే చూసే సరదా వేరు. వెంగమాంబకు ఆ సరదా అనుభవంలోదే.

ఆమె తన గురించి చెప్పుకున్న మాటొకటి చాలామంది తప్పుగా పట్టుకున్నారు. నేను చిన్నప్పుడు ఓనమాలు నేర్వలేదు, ఛందస్సు చదవలేదు, దేవుడు ఆడిస్తే ఆడే బొమ్మలాగా పలుకుతున్నాను అన్న అర్థంలో వేంకటాచల మాహాత్మ్యంలో రాసుకుంది. దాన్ని పట్టుకుని, చదువు రాని పిల్లకు దైవానుగ్రహంతో కవిత్వం వచ్చిందని కథలు కట్టారు. కుమ్మరి మొల్ల కూడా రామాయణంలో నాకు శాస్త్రాలు తెలియవనే అన్నది. తెలియకుండా ఆ పద్యాలు ఎవరికీ రావు. భాగవతం, యోగవాసిష్ఠం, వరాహ పురాణం ఎదురుగా పెట్టుకుని తెలుగు చేసిన మనిషికి చదువు రాదనడం కుదరదు. అది కవుల వినయం. ఆడకవికి అయితే అది వినయంతో పాటు రక్షణ కూడా. నేను రాశాను అంటే నువ్వెవరు రాయడానికి అంటారు. దేవుడు రాయించాడు అంటే ఎవరూ ఏమీ అనలేరు. వైధవ్యం విషయంలో వాడిన ఎత్తునే ఇక్కడా వాడింది. మనం మాత్రం ఆ మాటను అక్షరాలా నమ్మి, ఆమె కష్టపడి చదివిన చదువుకు మార్కులు వేయకుండా వదిలేశాం.

అదే శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని ఉంది. ఆమెదీ తెలుగే, ఆమెదీ కృష్ణకథే. దేవదాసి కుటుంబం. రాధికా సాంత్వనంలో రాధ కోరికను దాచకుండా రాసింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ఒకామెను బూతు కవి అని పక్కన పెట్టాం, ఇంకొకామెను తల్లి అని గుడి కట్టి పక్కన పెట్టాం. రెండు చోట్లా చదవకుండా తప్పించుకున్నది మనమే.

కొండకు దక్షిణాన, తమిళదేశంలో సెంగోట్టైలో ఆవుడై అక్కాళ్ అనే ఆమె ఉంది. ఆమె కూడా బాలవితంతువు. వేదాంతాన్ని పాటలు చేసింది. ఆ పాటలను తరతరాలుగా బ్రాహ్మణ ఇళ్లలోని ఆడవాళ్లు, ముఖ్యంగా వితంతువులు, పెళ్లిళ్లలో, వంటిళ్లలో పాడుకుంటూ దాచారు. అచ్చులోకి చాలా ఆలస్యంగా వచ్చాయి. వెంగమాంబ, అక్కాళ్ ఒకరి పేరు ఒకరు విన్నారో లేదో గానీ, ఒకే గోడకు రెండు వైపుల నుంచి కన్నం వేశారు. పుస్తకం ముట్టనివ్వకపోతే పాట చేతికిద్దాం అన్నారు.

ఆడవాళ్ల పాటను సాహిత్యంగా చూడటం మన విశ్వవిద్యాలయాలు నేర్చుకున్నది ఈమధ్యనే. ఆ పని చేసినవాళ్లలో నాయని కృష్ణకుమారిని చెప్పుకోవాలి. 1930లో గుంటూరులో పుట్టింది, కవి నాయని సుబ్బారావు కూతురు. తనూ కవి, అగ్నిపుత్రి ఆమె పుస్తకమే. ఉస్మానియాలో పాఠాలు చెబుతూ తెలుగు జానపద గేయగాథల మీద పరిశోధన చేసింది. తర్వాత తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షురాలైంది, 2016లో చనిపోయింది. కవి అయిన మనిషే జానపదం వెంట పడటం యాదృచ్ఛికం అనుకోను. గేయగాథ అంటే కథ ఉన్న పాట. సీత కష్టాలు, ఊర్మిళ నిద్ర, ఊరి చెరువు కట్టకు బలైన కోడలు. రాసినవారి పేరుండదు, పాడినవారి గొంతు ఉంటుంది. వెంగమాంబ ఈ రెండు లోకాల మధ్య గడప మీద కూర్చున్న మనిషి. పేరు పెట్టి రాసింది, కానీ పేరు లేని పాటల అచ్చులో రాసింది.

వెంగమాంబ పేరు మీద ఒక్కటి మాత్రం ఇప్పటికీ ప్రతి రాత్రీ జరుగుతోంది. తిరుమలలో అన్ని సేవలూ అయ్యాక ఏకాంత సేవ. శయన మండపంలో గొలుసులకు వేలాడే ఊయల మంచం. దాని మీద పట్టు పరుపు. భోగ శ్రీనివాసమూర్తి అనే చిన్న వెండి విగ్రహాన్ని పడుకోబెడతారు. ధనుర్మాసంలో ఆయన బదులు కృష్ణుడు. పాలు, పళ్లు నివేదిస్తారు. తాళ్లపాక వంశస్థులు అన్నమయ్య లాలి పాడతారు. ఇంకొక పళ్లెం వస్తుంది. ఆ పళ్లెంలో ముత్యాలు పేర్చి దశావతారాల్లో రోజుకొక రూపం తీరుస్తారు. దాంతో హారతి. అది తరిగొండ వారి ముత్యాల హారతి. "తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి" అని నానుడే ఉంది.

ఈ హారతికీ ఒక కథ ఉంది. రాత్రి తలుపులు మూశాక వెంగమాంబ ఎవరికీ తెలియకుండా లోపలికి వెళ్లి ముత్యాలతో హారతి ఇచ్చేదని, తెల్లవారి గర్భగుడిలో రాలిన ముత్యాలు చూసి అర్చకులు ఆశ్చర్యపోయారని, చివరికి ఆమెకే చివరి హారతి హక్కు ఇచ్చారని. సొరంగం గుండా వచ్చేదని కూడా అంటారు. కథను పక్కన పెట్టినా ఏర్పాటు మాత్రం కళ్ల ముందుంది. ఆగమం, వేదం, తమిళ పాశురం, సంస్కృత సుప్రభాతం, వీటన్నిటితో రోజంతా నడిచే గుడిలో దేవుణ్ణి నిద్రపుచ్చే పాట తెలుగు. ఇంకో వింత గమనించండి. ఆ మంచం మీద పడుకునే వెండి విగ్రహాన్ని గుడికి ఇచ్చింది సామవై అనే పల్లవ రాణి అని శాసనం చెబుతుంది. విగ్రహం ఒక స్త్రీ ఇచ్చింది, చివరి హారతి ఒక స్త్రీ పేరు మీద. ఆడవాళ్లు అర్చకులు కాలేని గర్భగుడిలో రోజు ముగిసేది ఇలా.

1817లో శ్రావణ శుద్ధ నవమి నాడు ఆమె సమాధి చెందింది. బతికున్నప్పుడు నృసింహ జయంతికి పది రోజులు ఉత్సవం చేసి, వచ్చినవాళ్లకు అన్నం పెట్టించేది. బ్రహ్మోత్సవాలకు చలివేంద్రాలు వేయించేది. టీటీడీ 1985 ఏప్రిల్‌లో ఉచిత అన్నదానం మొదలుపెట్టింది. 2011 జూలైలో నాటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించిన పెద్ద భోజనశాలకు వెంగమాంబ పేరు పెట్టారు. నాలుగు హాళ్లు, ఒక్కోదాంట్లో వెయ్యి మంది. కూర్చున్నవాళ్లు లేచేలోపు తర్వాతి వాళ్లు తలుపు దగ్గర. తిరుపతిలో ఎం.ఆర్.పల్లి కూడలిలో ఆమె విగ్రహం ఉంది, జయంతికి, వర్ధంతికి పూలమాలలు పడతాయి. 2009లో మీనా వెంగమాంబగా సినిమా కూడా వచ్చింది. పుస్తకాలను టీటీడీ అచ్చు వేసింది, వాటి మీద పరిశోధనలు జరిగాయి. కాబట్టి మరిచిపోయారు అని ఫిర్యాదు చేయడం అన్యాయం.

నా బాధ వేరే. విగ్రహం దగ్గర ఆగేవాళ్లలో ఎందరు చెంచు నాటకం చూశారు? ఆడితే కదా చూడటానికి. యక్షగానం పుస్తకంగా బీరువాలో ఉంటే అది వంట పుస్తకం చదివి ఆకలి తీర్చుకోమన్నట్టే. జయంతి సభల్లో ఉపన్యాసాలు బాగా జరుగుతాయి, కీర్తనలు పాడతారు. ఒక్క రాత్రి, ఒక్క యక్షగానాన్ని పూర్తిగా, కాగడాలు కాకపోతే ట్యూబులైట్ల కిందే, తరిగొండ గుడి ముందు ఆడితే పది ఉపన్యాసాల పెట్టు. మన భారతం నాటకాలు ఆడేవాళ్లు ఇంకా ఉన్నారు. దరువు పాడటం వాళ్లకు నేర్పక్కర్లేదు. వాళ్ల చేతిలో పుస్తకం పెట్టడమే మిగిలింది. వాళ్లు పెద్దవాళ్లయిపోతున్నారు, ఆ తొందర కూడా ఉంది.

ఈసారి కొండకు పోయినప్పుడు భోంచేసి బయటికి వచ్చాక ఒక పావుగంట మిగుల్చుకోండి. గుడికి ఉత్తరాన వెంగమాంబ బృందావనం ఉంది, ఆమె సమాధి అక్కడే. అన్నం హాలు దగ్గరున్నంత జనం అక్కడ ఉండరు. పిల్లల్ని వెంటబెట్టుకుని పోండి. ఈయమ్మ ఎవురు అని అడిగితే, అన్నం పెట్టిందని చెప్పండి, పాటలు కట్టిందని కూడా చెప్పండి.